19వ రోజు టిక్కు

కోపం మానేస్తానని దేవుడికి ఎన్నిసార్లు మాటిచ్చానో లెక్కేలేదు, ఈసారి కేలెండర్ పెట్టుకుని కోప్పడని ప్రతి రోజుకీ పెన్నుతో టిక్ కొట్టుకుంటూ పోయా, 18 టిక్కులు పడ్డాయి, 19వ రోజు సాయంత్రం ఏదో చిన్న విషయానికి ఇంట్లో అరిచేశా. అరిచాక నాకు ముందు బాధేసింది ఎదుటి మనిషి గురించి కాదు, పోయిన టిక్కుల గురించి! అక్కడ దొరికిపోయా. అన్నాళ్లూ నేను నమ్ముకుంది యేసయ్యని కాదన్నమాట.

బైబిల్లో అపొస్తలుడు పౌలు రాసిన రోమా పత్రిక 7వ అధ్యాయం చదువుతుంటే నాలాంటోళ్ల కోసమే రాసినట్టుంటుంది. చేద్దామనుకున్న మంచి చేయట్లేదు, వద్దనుకున్న చెడే చేస్తున్నా అని మొత్తుకుని, 24వ వచనంలో పౌలు "నన్నెవడు విడిపించును" అంటాడు, గమనించారా, ఎలా బయటపడాలి అని కాదు, ఎవడు అని. (అది పౌలు సొంత గోడు కాదనే పండితులూ ఉన్నారు, సరే, నా గోడైతే అదే.)

మనిషి తల్చుకుంటే పాపం లేకుండా బతకగలడని పెలాగియస్ అనే క్రైస్తవ బోధకుడు బోధిస్తే ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్ గట్టిగా ఎదురుతిరిగాడు, 418లో కార్తేజ్‌లో కూడిన బిషప్పుల సభ ఆ బోధ తప్పని తేల్చేసింది. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోమని కాదు, భక్తిహీనతని వద్దనడం మనకి నేర్పేది కృపేనని బైబిల్లోని తీతు పత్రిక 2వ అధ్యాయంలో ఉంది, అంటే కృప ఉత్త మాఫీ కాదు, ట్రైనింగ్ కూడా.

ఇప్పుడు గొంతు లేస్తోందనిపిస్తే పళ్లు బిగబట్టడం మానేసి "ప్రభువా నావల్ల కాదు" అంటున్నా, పైకే. నిన్న సగం అరిచాక గుర్తొచ్చింది, మధ్యలోనే ఆపి సారీ చెప్పా. కేలెండర్ తీసేశా.