పోతా కాదు, పొయ్యొస్తా

మా అమ్మ ఇంట్లో ఎవరూ "పోతా" అనకూడదు. సందు చివర పాల ప్యాకెట్‌కి వెళ్లినా "పొయ్యొస్తా" అనల్ల. చిత్తూరు కట్టమంచిలో పుట్టి పెరిగినదాన్ని, నా నోటికి ఆ మాట తప్ప వేరేది రాదు. టెక్సస్‌లో పుట్టిన నా ఎనిమిదేళ్ల పాపకు అలా కాదు. మొన్న సెలవుకు ఇంటికొచ్చిన రెండోరోజు పొద్దున, వంటింటి గడప మీద కూర్చుని వాళ్లవ్వతో అనేసింది: "అవ్వా, అమ్మ పోతుంది. తొమ్మిది నెలలు."

సంగటి కెలుకుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"పోతుంది అనకూడదు పాపా. పొయ్యొస్తాది అనల్ల."

"ముందు పోవాలి కదా అవ్వా? వచ్చేది తర్వాత కదా?"

అమ్మ నా వైపు చూసింది. నేను ఊరిబిండి గిన్నె వైపు చూశాను.

నేను అమెరికా సైన్యంలో సప్లై సార్జెంటుని. ఎం.ఎస్. చదవడానికి వెళ్లి, భాషలు వచ్చిన విదేశీ విద్యార్థుల్ని సైన్యంలోకి తీసుకునే మావ్నీ పథకంలో 2015లో చేరాను. 2016 తర్వాత ఆ పథకం ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి కొరియా వెళ్లొచ్చాను గానీ, పిల్లలు పుట్టాక దేశం దాటి వెళ్లడం ఇదే మొదటిసారి. ఏ దేశమో, ఏ నెలో ఇక్కడ రాయను. ఇంట్లో కూడా చెప్పకూడదు.

ఈ నాలుగు నెలలుగా నా రోజు ఎలా గడుస్తోందో మా అమ్మకు ఫోన్‌లో ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నాలుగున్నరకు లేస్తాను. ఆరున్నరకు బ్యూగిల్ మోగుతుంది, జెండా ఎగురుతుంది, పరుగు మొదలవుతుంది. ఎనిమిదిన్నరకు ఇల్లు చేరి పాపకు జడ వేసి, తొమ్మిదికల్లా మళ్లీ గోదాములో ఉంటాను. బయల్దేరే ముందు యూనిట్ సామానంతా లెక్కపెట్టి, కంటైనర్లలో సర్ది, ఒక్కో పెట్టెకూ లోపల ఒక జాబితా, బయట ఒక జాబితా, నా ఫైల్లో ఒకటి పెట్టాలి. తుపాకులు, చీకట్లో చూసే కళ్లజోళ్లు అయితే ఒకరు సీరియల్ నంబరు చదువుతారు, ఇంకొకరు కాగితంలో సరిచూస్తారు. ఒక్క వస్తువు లెక్క తేలకపోయినా ఎవరూ ఇంటికి కదలరు. ఒక శుక్రవారం రాత్రి అలా పదకొండయింది. చివరికి ఆ వస్తువు వేరే పెట్టెలో దొరికింది. ఇంటికొచ్చేసరికి పాప నా దిండు మీద నిద్రపోతోంది. మా నాన్న ముప్ఫై ఏళ్లు చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా. లెక్క కుదరక రాత్రి మండీలోనే ఉండిపోయిన రోజులు ఆయనకూ ఉన్నాయి. నా పని ఏమిటో మా ఇంట్లో వివరించకుండానే అర్థమైంది ఆయనొక్కడికే.

మధ్యలో ఫైరింగ్ రేంజ్. నలభై గుళ్లలో కనీసం 23 గురికి తగలాలి, నావి 34 తగిలాయి. తర్వాత ఒకరోజంతా వరసల్లో నిలబడటమే: టీకాలు, పళ్లు, కళ్లు, జీతం కాగితాలు, లాయరు దగ్గర వీలునామా. ఆ వరసలో ఒక పత్రం నింపిస్తారు. నాకేమైనా అయితే ఎవరికి కబురు చెప్పాలో రాసే పత్రం. అందులో ఒక గడి ఉంటుంది: ఆరోగ్యం బాగాలేనందువల్ల ఎవరికి నేరుగా చెప్పకూడదు? రెండేళ్ల కిందట నాన్నకు స్టెంటు వేశారు. ఆ గడిలో నాన్న పేరు రాశాను.

ఆ నకలు పొరపాటున డైనింగ్ టేబుల్ మీద వదిలేశాను. నా పాప ఇంగ్లీషులో ఏది కనిపించినా చదివేస్తుంది.

"తాత పేరు ఇక్కడ ఎందుకుంది?"

మా దగ్గర కుటుంబాలకు తరగతులు పెడతారు. పిల్లలకు వయసుకు తగ్గట్టు నిజం చెప్పండి, నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి అంటారు. నేను దాన్ని పూర్తిగా నమ్మాను. మా చిత్తూరులో పెద్దవాళ్లు అన్నీ కప్పిపెడతారని, పిల్లల్ని నేను వేరేగా పెంచుతున్నానని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది. తీరా చూస్తే ఆ సైన్యం పత్రంలోనే మా అమ్మ పద్ధతికి ఒక గడి ఉంది. దాన్ని నింపింది నేనే. పాపకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అది చాలాసేపు ఆలోచించి, "అయితే నేను తాతకు చెప్పను" అంది. ఎనిమిదేళ్ల పిల్ల నెత్తిన అంత బరువు పెట్టానే అని ఆ రాత్రంతా నాకు కంటిమీద కునుకు లేదు.

అందుకే ఈ సెలవుకు ఎలాగైనా ఇంటికి రావాలనుకున్నాను. విదేశం వెళ్లాలంటే సెలవు చీటీ చాలదు, వేరే అనుమతులున్నాయి, బయల్దేరేముందు భద్రత పాఠం ఉంది. అన్నీ దాటుకుని రెండు వారాలు దొరికాయి.

అమ్మ మొదటిరోజే పంచాంగం తీసింది. "నువ్వు బయల్దేరేది ఏరోజు? మంచిరోజు చూపిస్తా."

"చెప్పకూడదమ్మా."

"కన్నతల్లికి కూడానా?"

"కన్నతల్లికి కూడా."

అమ్మకు కోపమొచ్చింది. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, "సరే, అక్కణ్ణించి ఎప్పుడు పోతే నాకేమి? నా గడప దాటే రోజుకు చూపిస్తా" అని పురోహితుడి దగ్గరికి వెళ్లింది. బుధవారం పది దాటాక అని రాయించుకొచ్చింది. విమానం గురువారం రాత్రి, చెన్నైలో. ఒక రాత్రి అక్కడ చుట్టాలింట్లో పడుకుంటే పోయిందేముందని ఒప్పుకున్నాను.

ఆ మధ్యలో కాణిపాకం వెళ్లాం. చిత్తూరుకు పది పన్నెండు కిలోమీటర్లే. ఆటోలో నాన్న పిల్లలకు కథ చెప్పారు: గుడ్డి, చెవిటి, మూగ అన్నదమ్ములు ముగ్గురు బావి తవ్వడం, రాయికి పార తగిలి నీళ్లు ఎర్రబడటం, వాళ్ల అవిటితనం పోవడం, ఊరివాళ్లు కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి నేలంతా పారడం. నాలుగేళ్ల చిన్నోడికి ఆ కొబ్బరినీళ్లే నచ్చాయి. పాపకు చివరి మాట పట్టుకుంది. ఈ స్వామి ముందు ప్రమాణం చేసి అబద్ధమాడటానికి ఎవరికీ ధైర్యం చాలదు, ఊళ్లో తగాదాలు ఎన్నో ఇక్కడే తేలాయి అన్నారు నాన్న.

లోపల హారతి గంటలు మోగాయి. అందరూ చేతులు జోడించారు. చిన్నోడు మాత్రం చేతులు పక్కలకు ఆనించి, గడ్డం ఎత్తి, బిగుసుకుని నిలబడ్డాడు. మా దగ్గర సాయంత్రం ఐదింటికి జెండా దించే బ్యూగిల్ మోగితే కారు ఆపి దిగి అలాగే నిలబడతాం. వాడికి తెలిసిన భక్తి అది. సరిచేయబోయిన అమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను.

బయటికి రాగానే కోనేటి దగ్గర పాప నన్ను పక్కకు లాగింది.

"ఇక్కడ ప్రమాణం చెయ్యి. వస్తానని."

నా నోట్లో తడి ఆరిపోయింది. "వస్తానని చెయ్యలేను నాయనా. రావడానికి నేను చెయ్యగలిగిందంతా చేస్తానని చేస్తా. నీ దగ్గర ఏదీ దాచనని చేస్తా."

"తేదీ తప్ప."

"తేదీ తప్ప."

పాప ఒప్పుకోలేదు. ఏడవనూ లేదు. నా చెయ్యి వదిలేసి వాళ్ల తాత పక్కన నిలబడింది. ఇంటికి చేరేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి మిద్దె మీద అమ్మ అడిగింది. "వస్తానంటే నీ సొమ్మేం పోయింది? పిల్ల అడిగింది కదా."

"ప్రమాణం ఎట్లా చేసేదమ్మా?"

"ప్రమాణం ఎవరు చెయ్యమన్నారు? పొయ్యొస్తా అను. అది దేవుడికి చెప్పేది కాదు, ఇంట్లో ఉండేవాళ్లకు చెప్పేది. వాళ్లు దీపం ఆర్పకుండా చూసుకుంటారు."

ముప్ఫై ఏళ్లు ఆ మాట అంటూ ఉన్నాను, అది ఎవరి కోసమో ఎప్పుడూ ఆలోచించలేదు. మా తరగతుల్లో చెప్పింది తప్పు కాదు, ఇప్పటికీ పిల్లలకు నిజమే చెప్పాలంటాను. కానీ నిజం చెప్పేసి పిల్లను ఆ నిజంతో ఒంటరిగా వదిలేశానని ఆ మిద్దె మీద నాకు తెలిసొచ్చింది. మర్నాడు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒకటే చెప్పాను: తాత సంగతి నువ్వు మొయ్యక్కర్లేదు, అది నాదీ మీ నాన్నదీ అవ్వదీ. అమ్మకు కూడా ఆ గడి గురించి చెప్పేశాను. అమ్మ కళ్లు తుడుచుకుని, "మంచిపని చేసినావు" అంది.

బుధవారం పదింబావుకు గడప దాటాం. అమ్మ ఎదురొచ్చింది. చిన్నోడు కారులోంచి "పొయ్యొస్తా" అని వీధంతా వినబడేట్టు అరిచాడు. పాప పెదవి కదిలింది గానీ మాట వినబడలేదు.

ఇప్పుడు టెక్సస్‌లో ఉన్నాం. నేను వెళ్లాక మొదటి ఆరునెలలు మా అమ్మ వచ్చి ఉంటుంది, ఆ తర్వాత మా అత్తగారు. వీసాలు అయ్యాయి. తలుపు పక్కన నా పచ్చ సంచులు రెండు నిలబడి ఉన్నాయి.

నిన్న రాత్రి పాప ఒక కాగితం తెచ్చింది. గోదాములో సామాను ఇచ్చేటప్పుడు నేను సంతకం పెట్టించుకునే రసీదులాగే స్కేలుతో గళ్లు గీసుకుంది. తిరుపతిలో వాళ్లవ్వ కొనిచ్చిన చెక్క రాజా రాణి బొమ్మల జంటలో రాణిని నా ముందు పెట్టింది. వస్తువు: రాణి. ఎన్ని: 1. పరిస్థితి: కొత్తది. తీసుకున్నవారు: అమ్మ.

"సంతకం పెట్టు. తీసుకున్నవాళ్లే తెచ్చివ్వాలి కదా?"

"అవును. వాళ్లే తెచ్చివ్వాలి."

పెట్టాను. తిరిగిచ్చే రోజు అనే గడి మాత్రం ఖాళీగా ఉంది. పాప నన్ను అడగలేదు. కాగితం మడిచి తన పుస్తకంలో పెట్టుకుంది.