గడ్డి మందు సగానికి తగ్గింది, ఎద్దుల దగ్గర పరువు పోయింది

నిన్నటికి మా మక్క చేనుకు నలభై రోజులు. నడుము దాటి పెరిగింది, సాళ్ల మధ్య ఆకులు కలిశాయి. ఇక కింద గడ్డి మొలిచినా దానికి ఎండ దొరకదు. ఈ నలభై రోజులు గడవడమే కష్టం.

మాది సిద్దిపేట దగ్గర రెండెకరాల బరువు నేల. మక్క విత్తగానే కొట్టే గడ్డి మందు అట్రజిన్ 50 శాతం పొడి ఇలాంటి నేలకు ఎకరాకు కిలో నుంచి 1.2 కిలోలు చాలు. నిరుడు మాత్రం దుకాణాయన "డబుల్ కొట్టు, గడ్డి మాటే మరిచిపోతవ్" అంటే కొట్టాను. మక్క బాగానే వచ్చింది. దాని వెనక శనగ వేస్తే ఆకుల అంచులు పసుపెక్కి మాడిపోయాయి. మందు నేలలోనే మిగిలిపోయి ఉంటుందని మా వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) చెప్పాడు. దుకాణాయనను అడిగితే విత్తనం మంచిది కాదన్నాడు. మందు అమ్మేవాణ్ణి మోతాదు అడగడం నాదే బుద్ధి తక్కువ. భూగర్భ జలాల్లో చేరుతోందని యూరోపియన్ యూనియన్ 2004లోనే అట్రజిన్‌ను వద్దనుకుంది. మేం తాగేది మా బోరు నీళ్లే.

అందుకే ఈసారి ఎండాకాలంలోనే లోతుగా దున్నించి తుంగ గడ్డలు ఏరించాను. మృగశిరలో వాన పడ్డా విత్తలేదు. గడ్డిని మొలవనిచ్చి, పన్నెండు రోజులకు పైపైన గొర్రు తోలించి, ఆరుద్రలో విత్తాను. లోతుగా తోలితే అడుగున ఉన్న గడ్డి గింజలు మళ్లీ పైకొస్తాయి. "విత్తనాలకు పైసల్లేవా?" అని ఊళ్లో ఇద్దరు ముగ్గురు అడిగారు. విత్తిన మర్నాడు, నేల తడి ఆరకముందే, నాజిల్ బాగా కిందికి దించి సాలు మీద అడుగు వెడల్పున మాత్రమే అట్రజిన్ కొట్టాను. ట్యాంకులో కలిపే పాళ్లు మార్చలేదు, తడిపే నేలను సగం చేశానంతే. రెండెకరాలకు ఒక్క కిలో పట్టింది.

ఇక సాళ్ల మధ్య గడ్డి. ఇరవయ్యో రోజుకు పక్క ఊరి నుంచి కలుపు తీసే యంత్రం, పవర్ వీడర్, కిరాయికి తెచ్చాను. సాళ్ల మధ్య రెండడుగులుంటే దాని బ్లేళ్లు రెండున్నర అడుగులు! తెచ్చేముందు కొలవాలన్న ఆలోచనే రాలేదు. మొదటి సాలు చివరికి వెళ్లేసరికి నలభై మక్క మొక్కలు గడ్డితో పాటే లేచిపోయాయి. చేను రోడ్డు పక్కనే. ఆగి చూసినవాళ్లు ఆగారు, నవ్వినవాళ్లు నవ్వారు.

ఊళ్లో మిగిలిన ఒక్క జత ఎద్దులు మా చిన్నాయనవి. నాలుగేళ్ల కింద నా ఎద్దుల్ని సంతలో అమ్మి వస్తూ ఆయనతో ఒక మాటన్నాను, "ఎద్దులకు గడ్డి వేసుడు కంటే గడ్డి మందు కొనుడే అగ్గువ" అని. అడగడానికి వెళితే ఆయన మంచం మీద నుంచి లేవనైనా లేవలేదు. "అగ్గువ మందు అయిపోయిందా బిడ్డా?" అన్నాడు. మూడు రోజులు తిప్పించుకుని నాలుగో నాడు ఎద్దులతో, సాళ్ల మధ్య గడ్డి కోసే గుంటుకతో వచ్చాడు.

వచ్చాక ఎద్దుల మూతికి చిక్కాలు ఏవని అడిగాడు. నావి ఎప్పుడో పారేశాను. ఆయనవి ఇంట్లోనే ఉన్నాయి, కావాలనే తేలేదని నా అనుమానం. చిక్కాల్లేకుండానే కట్టాం. పది అడుగులు వేయకముందే లోపలి ఎద్దు మెడ వంచి రెండు మొక్కల మొవ్వులు పుటుక్కున కొరికింది. "చిక్కాల్లేకుంట మక్క చేన్లకు ఎద్దుల తోలుడు ఎక్కడన్న ఉన్నదార?" అని కలుపు తీయడానికొచ్చిన ఆరుగురు ఆడకూలీల ముందు అరిచాడు. నాలుగేళ్ల కిందటి నా మాటను కూడా వాళ్లకు పొల్లు పోకుండా వినిపించాడు. ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరికి ఎరువుల సంచి ముక్కలు సుతిలి తాడుతో మూతులకు కట్టాం. గుంటుక నా చేతికిచ్చి నడవమన్నాడు. నా మొదటి సాలు వంకర పోయింది. రెండోది ఆయనే పట్టాడు, గీత గీసినట్టు పోయింది. డెబ్బై దాటిన మనిషి.

సాలులో మొక్కల మధ్య మిగిలిన గడ్డిని ఆడవాళ్లు ఒక్క పూటలో తీసేశారు. పది రోజులకు మళ్లీ గుంటుక తోలి మొదళ్లకు మట్టి ఎగదోశాం. ఏటా ఇరవై రోజులకు కొట్టే ఇంకో గడ్డి మందు టెంబోట్రయాన్ ఈసారి కొననే లేదు. తుంగ మాత్రం ఒక మూల లొంగలేదు, అక్కడి వరకు తుంగ మందు హాలోసల్ఫ్యూరాన్ కొట్టాను. గొప్ప అనుకోకపోతే ఒక మాట, పక్క చేను మక్క కంటే నాది జానెడు ఎత్తుంది. గట్టు మీద గునుగు కూడా మొలిచింది. నిరుడు బతుకమ్మకు గునుగు పువ్వు సిద్దిపేటలో కొనుక్కొచ్చాం.

చిన్నాయన కిరాయి తీసుకోలేదు. ఆయన పొలంలో మొన్ననే నాట్లయ్యాయి, ఇసుకలో గడ్డి మందు కలిపి చల్లిపెట్టమన్నాడు. రేపు పొద్దున్నే వెళ్లాలి.