లీటరు ప్యాకెట్, ఒక్క గ్లాసు

పదకొండున్నర. శ్లాబు మీద కడ్డీలు కడుతున్న కుర్రాడు ఇవాళ ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పళ్లతో చించి, మొత్తం ఒక్క గ్లాసులో పోసుకుని గటగటా తాగేశాడు.

ఆ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి. గ్లాసులో కలిపితే ఉప్పు, గ్లూకోజు చిక్కబడి ఒంట్లో నీటినే పేగుల్లోకి లాగుతాయి. దాహం ఇంకా పెరుగుతుంది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరుకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచా అండీ, అదీ తలకొట్టి!

మామూలుగా అయితే నీళ్లే చాలు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో గ్లాసు.

కొత్తగా పనికొచ్చినవాళ్లకే ముప్పెక్కువ. ఒంటికి ఎండ అలవాటవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు ఎండలో ఐదో వంతు పనే చేయించాలి. మేస్త్రీలు ఒప్పుకోరనుకోండి.

ఎవరైనా తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడితే అది నీరసం కాదు, వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని తేలిగ్గా తీసుకోకండి, కష్టం చేసేవాళ్లకి వడదెబ్బలోనూ చెమట పడుతుంది. 108కి ఫోన్ చేసి, నీడకి చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో మాత్రం చుక్క పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.