ఏసీలో తిరగలి మోత: కొత్త రబ్బర్లు వేశాక ఇంకా ముదిరింది

ఈ వారం నా ఘనకార్యం: ఏసీ మోత గోడకెక్కకుండా ఆపుదామని ఆటోనగర్‌లో తిరిగి తిరిగి నాలుగు ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు (ఇంజిన్ వణుకు బయటికి పాకకుండా దాని కింద వేసేవి) కొని, బామ్మర్దిని బతిమాలి పిలిపించి, పొద్దున్నే ఆరింటికి ఇద్దరం సన్‌షేడ్ ఎక్కి 34 కిలోల ఔట్‌డోర్ యూనిట్‌ని రాగి పైపు వంగకుండా అంగుళం ఎత్తి, కింద ఆ రబ్బర్లు దూర్చి, దిగి వచ్చి ఏసీ వేస్తే మోత ఇదివరకటి కంటే పెరిగింది. "బావా, పాతవే నయం కదా" అన్నాడు వాడు, చెమట తుడుచుకుంటూ. రోహిణి కార్తెలో ఆరింటికి కూడా మొగల్రాజపురం కొండ పక్కన రాయి వేడిగానే ఉంటుంది.

ఏసీలో మిగతా శబ్దాలన్నిటికీ కారణాలు తేలిపోయాయి. ఇండోర్‌లో చిటపటలు ప్లాస్టిక్ చల్లబడి ముడుచుకోవడం, కిటికీ గ్రిల్లు దగ్గర గలగల పైపు తగలడం (మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క పెట్టా, పోయింది), ఆపగానే వచ్చే బుస్సుమనే చప్పుడు గ్యాస్ ప్రెషర్ సర్దుకోవడం. అన్నిటికీ "గ్యాస్ తగ్గింది సార్" అనే మెకానిక్‌ని మళ్లీ పిలిచే ప్రసక్తే లేదు.

మిగిలింది తిరగలి. ఆ పేరు అమ్మ పెట్టిందే. "అర్ధరాత్రి ఎవరో గోడవతల తిరగలి తిప్పుతున్నట్టుంది రా" అంది. సరిగ్గా అంతే, ఊం... అని పెరిగి తగ్గి మళ్లీ పెరుగుతుంది. స్టాప్‌వాచ్ పెట్టి లెక్కేస్తే పది చుట్లకి 12.5 సెకన్లు, ఒక్కోసారి 13.

ఏప్రిల్లో దీన్ని జయించేశాననుకున్నా. ఫుట్ బోల్టులు స్టాండు ఇనుముకి నేరుగా తగలకుండా గొట్టం ముక్కలు తొడిగి, వెడల్పు వాషర్లు వేశా. ఆ రాత్రి నిశ్శబ్దం. నాలుగు రోజులు నిశ్శబ్దం. ఇంట్లో అందరికీ చెప్పుకున్నా. ఐదో రోజు గుంటూరు అక్క వాళ్లింటి నుంచి అమ్మ తిరిగొచ్చింది, తన గదిలో ఏసీ వేసుకుంది, పదకొండింటికి తిరగలి మొదలు! వాషర్ల మహిమ కాదు, అమ్మ లేకపోవడం వల్ల వచ్చిన నిశ్శబ్దం అది. మా గది 1.5 టన్నుది, అమ్మ గది 1 టన్నుది, రెండూ ఇన్వర్టర్ లేని పాత రకం, రెండు ఔట్‌డోర్లూ ఒకే సన్‌షేడ్ మీద పక్కపక్కనే. రెండు కంప్రెసర్లూ కలిసి నడిస్తేనే మోత.

ఇక్కడి నుంచి ఆడాసిటీ (శబ్దాన్ని రికార్డు చేసి విడదీసి చూపే సాఫ్ట్‌వేర్) పని. ఫోన్‌ని గోడకి ఆనించి ఒక నిమిషం రికార్డు చేశా. అలాగే స్పెక్ట్రమ్ (శబ్దంలో ఏ వేగపు ఊపు ఎంతుందో చూపే గీత) గీస్తే ఏమీ కనపడదు, 44,100 శాంపిల్ రేటు మీద 65,536 సైజు పెట్టినా గీతకీ గీతకీ 0.67 హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని ఊపులు అనే లెక్క) ఎడం ఉంటుంది. ముందు 1,000కి రీశాంపిల్ చేసి 16,384 సైజు పెడితే ఆ ఎడం 0.06కి వస్తుంది. అప్పుడు కనిపించాయి కవలలు: 95.1, 95.9. తేడా 0.8, అంటే 1.25 సెకన్లకో బీట్ (దగ్గరదగ్గర వేగాల రెండు మోతలు కలిసి ఒకసారి పెరిగి తగ్గడం), పది చుట్లకి 12.5. స్టాప్‌వాచ్ లెక్కే! ఇవి కంప్రెసర్లు తిరిగే వేగానికి రెట్టింపులు, అసలు వేగం 47.55, 47.95 (నిమిషానికి 2,853, 2,877 చుట్లు). కరెంటు 50 హెర్ట్జే అయినా కంప్రెసర్‌లో ఉండే ఇండక్షన్ మోటారు లోడుని బట్టి కాస్త వెనకబడుతుంది, రెండు మోటార్లు వెనకబడేది ఒక్కలా ఉండదు కదా.

సరే, మూలం తెలిసింది, గోడకి ఎక్కకుండా ఆపితే చాలు అని ఈ రబ్బర్లు. వేశాక మోత పెరగడమే కాదు, రకం మారింది. చెవికంటే మంచం పట్టీ మీద చెయ్యి పెడితే ఎక్కువ తెలుస్తోంది. పది చుట్లకి ఇప్పుడు 25 సెకన్లు! సరిగ్గా రెట్టింపు. రెండు రాత్రులు బుర్ర పాడుచేసుకున్నాక వెలిగింది: పాత మోత 95 దగ్గరిది, దాన్ని ఈ రబ్బర్లు నిజంగానే తగ్గించాయి, కానీ కింద 47 దగ్గరున్న అసలుదాన్ని లేపి కూర్చోబెట్టాయి. అక్కడ తేడా 0.4 కాబట్టి 2.5 సెకన్లకో బీట్.

ఎందుకు లేపాయో వెర్నియర్ (మిల్లీమీటర్లో పదో వంతు కూడా కొలిచే సాధనం) చెప్పింది. రబ్బరు ఎత్తు విడిగా 25.0 మి.మీ., బరువు పడ్డాక కంప్రెసర్ వైపు 24.9, అవతలి వైపు తేడానే లేదు. ఎన్ని మిల్లీమీటర్లు నొక్కుకుందో దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే యూనిట్ సహజంగా ఊగే హెర్ట్జ్ వస్తుంది. 0.1కి 50! అంటే కంప్రెసర్ వేగానికి అతికినట్టు సరిపోయే ఊయల కట్టి మరీ ఊపుతున్నా. (0.1 కొలిచేంత నమ్మకం నా చెయ్యి మీద లేదు, రబ్బరు కదలికలో ఇంకాస్త బిగుస్తుంది కూడా, అయినా ఆ చుట్టుపక్కలే.) వందల కిలోల ఇంజిన్ కింద ఉండాల్సిన రబ్బరు 34 కిలోలకి ఏం నొక్కుకుంటుంది? షాపాయన "గట్టిది తీసుకోండి, మన్నుతుంది" అంటే తలూపి తెచ్చుకున్నా. తప్పు నాదే.

మరి 1 మి.మీ. నొక్కుకునే మెత్తటివి వేస్తే? 15.8 వస్తుంది, కంప్రెసర్‌కి బాగానే ఉంటుంది, కానీ ఫ్యాన్ మోటారు లేబుల్ మీద 900 ఆర్‌పీఎం అని ఉంది, అంటే 15 హెర్ట్జ్. తిరగలి పోయి రోలు వస్తుంది. కనీసం 3 మి.మీ. నొక్కుకోవాలి, అప్పుడు 9కి దిగుతుంది, కంప్రెసర్ వణుకులో పాతికో వంతు మాత్రమే కిందకి పోవాలి, లెక్క ప్రకారం. అంత మెత్తగా అంటే రబ్బరు కంటే స్ప్రింగులే నయమేమో. అప్పుడు యూనిట్ ఊగుతుంది, రాగి పైపు బిగుతుగా ఉంటే వణుకు దాని గుండానే గోడకెక్కుతుంది, పైపుకి ఒక చుట్టు వదులు ఇవ్వాలి, దానికి గ్యాస్ దింపాలి, అంటే మళ్లీ ఆ మెకానికే.

ఇన్వర్టర్ ఏసీ కొంటే పోతుందిగా అంటారు. దాని వేగం క్షణక్షణం మారుతుంది, ఆ శబ్దం వెంటపడటం ఇంకో నరకం. పైగా ఈ రెండూ ఇంకా చల్లగానే ఉన్నాయి.

ముందు పైపు జోలికి పోకుండా అమ్మ గది ఔట్‌డోర్‌ని ఒక్కదాన్నే అవతలి గోడ స్టాండు మీదకి మార్చవచ్చా అని టేపు పెట్టి చూశా, పైపు 40 సెం.మీ. తక్కువొచ్చింది. కాబట్టి స్ప్రింగులే. ఒక్కో మూలకి ఎనిమిదిన్నర కిలోల చొప్పున ఇటుకలు పేర్చి, 3 మి.మీ. దిగే స్ప్రింగు ఏదో నేల మీదే తేల్చుకుని అప్పుడే సన్‌షేడ్ ఎక్కుతా. కంప్రెసర్ మూలకి ఇంకా ఎక్కువ బరువు పెట్టి చూడాలి. అప్పటిదాకా పాత రబ్బర్లే వెనక్కి. బామ్మర్ది ఫోన్ ఎత్తడం లేదు.