ఐదో పీరియడ్

అరిజోనాలో, ఫీనిక్స్ దగ్గర ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఆల్జీబ్రా చెప్తున్నాను, ఈ మేకి 3 ఏళ్లు నిండుతాయి. నేను వచ్చిన జె-1 వీసా (వేరే దేశాల టీచర్లు కొన్నేళ్లు ఇక్కడ చెప్పడానికి ఇచ్చే ఎక్స్ఛేంజ్ వీసా) మామూలుగా అంతవరకే, ఇంకో 2 ఏళ్లు పొడిగించుకునే వీలుంది, ఆ కాగితాల పనిలో ఉన్నాను. ఈమధ్య గుంటూరు నుంచి నాకు తెలిసిన లెక్కల టీచర్లు ఫోన్ చేసి అందరూ ఒకటే అడుగుతున్నారు, "మేడమ్, అక్కడి పిల్లలు మాట వింటారా?" అని.

నా మాట మొదటి నాలుగు నెలలు వినలేదు. ఊళ్లో 11 ఏళ్లు ఇంటర్ పిల్లలకు చెప్పాను, 70 మంది ఉన్న సెక్షన్లోకి అడుగుపెడితే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. అదంతా నా పాఠం మీద శ్రద్ధే అనుకున్నాను. అందులో చాలావరకు భయమని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఇక్కడ 31 మందే, కానీ లంచ్ తర్వాత ఐదో పీరియడ్, నేను బోర్డు వైపు తిరిగితే చాలు ఒకడు పెన్సిల్‌తో బల్ల మీద దరువు, ఇంకొకరు హాల్ పాస్ (క్లాసు బయటికి వెళ్లడానికి చీటీ) కావాలని, వెనకవైపు ఎవరిదో ఫోన్లో వీడియో. ఎక్స్, వై తర్వాత నేను "జెడ్" అంటే (ఇక్కడ "జీ" అంటారు) క్లాసంతా జెడ్, జెడ్ అని అరిచేది. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడుకున్న రోజులున్నాయి.

దరువు వేసే కుర్రాడు అక్టోబర్లో ఒకరోజు పాఠం మధ్యలో లేచి వెనక గోడ పక్కన అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. కూర్చో అని బోర్డు దగ్గర్నుంచే అరిచాను. "నాకు ప్లాన్‌లో ఉంది మిస్" అన్నాడు. ఎదురు సమాధానం అనుకుని రెఫరల్, అంటే అల్లరి మీద ఫిర్యాదు కాగితం, రాసి ఆఫీసుకు పంపేశాను. సాయంత్రం స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ వచ్చి అతని ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఒక్కొక్కరికీ విడిగా రాసే చదువు ప్లాన్) నా ముందు పెట్టారు. అవసరమైనప్పుడు లేచి 5 నిమిషాలు నిలబడొచ్చు, నడవొచ్చు అని రెండో పేజీలో స్పష్టంగా ఉంది. ఆగస్టులోనే నాకు మెయిల్ వచ్చింది, నేను పూర్తిగా చదవలేదు. ఐఈపీ అంటే టీచర్ దయ మీద ఆధారపడేది కాదు, 1975 నాటి చట్టం నుంచి వచ్చిన హక్కు. తప్పు పూర్తిగా నాది. మర్నాడు తలుపు దగ్గరే ఆపి సారీ చెప్పాను. తన బూట్ల వైపు చూస్తూ "ఓకే మిస్" అన్నాడు, అంతే.

పక్క గదిలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన టీచర్ ఉండేవారు, ఆవిడ తొమ్మిదేళ్లుగా ఇక్కడే చెప్తున్నారు. బోర్డు దగ్గర్నుంచి అరిస్తే అందరి ముందు పరువు పోతుందని ఏ పిల్లాడూ తగ్గడు, దగ్గరికెళ్లి వాడొక్కడికే వినపడేలా ఒక్క మాట చెప్పి, వాడి ముఖం చూస్తూ నిలబడకుండా వచ్చేయండి అన్నారు. నాకు అన్నిటికంటే కష్టమైంది ఆ వచ్చేయడమే. చెప్పిన పని అయ్యేదాకా నెత్తిన నిలబడటం నా చేతికి అలవాటైన పద్ధతి మరి. కానీ వెనక్కి వచ్చేస్తే ఓ అర నిమిషానికి ఫోన్ బ్యాగులోకి వెళ్లేది, చాలాసార్లు.

ఇంటికి మొదటి ఫోన్ మంచి మాటతో చేయమని కూడా ఆవిడే చెప్పారు. దరువు కుర్రాడు ఒకరోజు బోర్డు మీద స్లోప్ లెక్క తప్పు లేకుండా చేస్తే ఇంటికి ఫోన్ చేశాను, వాళ్ల అమ్మమ్మ ఎత్తి, "ఇప్పుడేం చేశాడు?" అన్నారు. లెక్క సంగతి చెప్పాను. ఉండండి అని స్పీకర్‌లో పెట్టి, ఇంట్లో ఎవరినో పిలిచి, మళ్లీ చెప్పండి అన్నారు.

ఇప్పుడు వచ్చేవాళ్లకు నేను చెప్పేది, బడి తెరవకముందే ఐఈపీలన్నీ అడిగి తీసుకుని కూర్చుని చదవండి, ఆ తర్వాతే పాఠాల ప్లాన్. అందరితో నాకు కుదిరిందని మాత్రం అనను. అదే క్లాసులో ఒక అమ్మాయి ఫిబ్రవరిలో స్కూలు మారిపోయేదాకా నాతో ఒక్కసారి కూడా మామూలుగా మాట్లాడలేదు. వాళ్లింటికి నేను మూడుసార్లు ఫోన్ చేశాను, మూడూ ఫిర్యాదులే.