చిట్టాలో లేనివి

ఆదివారం. తెల్లారినప్పటి నుంచీ ముసురే. తేమకి కార్ట్రిడ్జ్ షీట్ల (బొమ్మలు గీసే మామూలు కాగితం) అంచులు అప్పడాల్లా వంకర తిరిగాయి. బల్ల మీద ఎంఎఫ్‌ఏ (చిత్రకళలో పీజీ) ఇంటర్వ్యూలకి పోర్ట్‌ఫోలియో, అంటే చూపించే బొమ్మల కట్ట, కట్టుకుంటున్న పిల్లల సామాన్ల చిట్టాలు. అన్నిట్లోనూ మొదటి వరుస ఒకటే: రంగుల పెట్టె, 24 షేడ్లు.

అన్ని ఎందుకు? పోస్టర్ కలర్లో లెమన్ ఎల్లో, క్రోమ్ ఎల్లో, వెర్మిలియన్, క్రిమ్సన్, అల్ట్రామెరీన్, ప్రష్యన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా, నలుపు, తెలుపు. ఈ తొమ్మిది సీసాలు చాలు, మిగతావి కలుపుకోవడమే. తెలుపు మాత్రం పెద్ద సీసా కొనాలి, ముందు అయిపోయేది అదే.

మిగిలిన డబ్బు కాగితానికి పోవాలి. పదిహేను బొమ్మలు చూపించాలంటే పదిహేను షీట్లు రాసుకుంటారు. మూడింట ఒకటి నిలబడితే గొప్ప, కాబట్టి నలభై ఐదైనా ఉండాలి. కార్ట్రిడ్జ్ షీటు 15 రూపాయలనుకుంటే 675. నీటిరంగులకి ఆ కాగితం పనికిరాదు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపు కాగితం) కావాలి. కాటన్‌ది ఒక్క ఫుల్ షీటు వెలకి కార్ట్రిడ్జ్ డజన్ల కొద్దీ వస్తాయి. ఫుల్ షీటు 22×30 అంగుళాలు. సగానికి కోస్తే 15×22వి రెండు, ఇంకోసారి కోస్తే 11×15వి నాలుగు. సాధనకి నాలుగో వంతు ముక్క చాలు.

మధ్యాహ్నం నీటిరంగుల షీటు తడికి ముడతలు పడకుండా బోర్డుకి బిగించే పని. టబ్బులో ఐదారు నిమిషాలు నానబెట్టి, నీళ్లు ఓడ్చి, బోర్డు మీద పరిచి, నాలుగు వైపులా తడిపితే అంటుకునే బ్రౌన్ గమ్ టేపు వేయాలి. బోర్డుని ఏటవాలుగా నిలబెడితే నీరు కిందికి దిగి పై అంచు ముందు ఆరుతుంది, షీటు ఒకవైపే లాగుతుంది. అందుకే నేల మీద బల్లపరుపుగా ఉంచాలి. మాస్కింగ్ టేపుతో ఈ పని కాదు: ఆరేటప్పుడు కాగితం ముడుచుకుంటుంది, ఆ లాగుడికి టేపు ఊడొస్తుంది. పొడి షీటుకి మాస్కింగ్ టేపు సరే, కానీ తీసేటప్పుడు బొమ్మ నుంచి బయటివైపుకి, కాగితానికి దాదాపు ఆనించి, మెల్లగా లాగాలి. నిటారుగా పైకి లాగితే పై పొర చీలి వస్తుంది, మార్జిన్ బొచ్చులేస్తుంది.

చార్‌కోల్ (బొగ్గు) బొమ్మల షీట్ల కట్ట విప్పితే ప్రతి బొమ్మ వెనకా పక్క బొమ్మ నీడ. మధ్యలో బటర్ పేపర్ లేదు. వార్తాపత్రిక పెడితే ఆ సిరా కూడా అంటుతుంది. బటర్ పేపర్ని పై అంచుకి మాత్రమే టేపుతో అంటించాలి, లేకపోతే జరిగి రుద్దుకుంటుంది. ఫిక్సేటివ్, అంటే బొగ్గు చెదరకుండా కొట్టే స్ప్రే, ఏ చిట్టాలోనూ లేదు! దాన్ని ఒక అడుగు దూరం నుంచి, ఆరుబయట, పల్చగా రెండు మూడు సార్లు కొట్టాలి. దగ్గర నుంచి ఒకేసారి గుప్పిస్తే మరకలు పడతాయి, మధ్యస్థ టోన్లు నల్లబడతాయి. హెయిర్ స్ప్రే చౌకే కానీ కొన్నాళ్లకి కాగితాన్ని పసుపు చేస్తుంది. మందంగా పూసిన పోస్టర్ కలర్ షీటుని చుట్టి గొట్టంలో పెడితే పెచ్చులు లేస్తుంది, దాన్ని ఫోల్డర్లో పరిచే తీసుకెళ్లాలి.

ఇవాళ్టి మబ్బు ఒక్క పనికి బాగుంది, ప్రింట్లు తీయించడానికి బొమ్మల ఫొటోలకి. నీడలు పడవు, చార్‌కోల్ మెరవదు. వరండాలో గోడకి ఆనించి, కెమెరా షీటుకి సమాంతరంగా పట్టుకుంటే చాలు, ఫ్లాష్ వద్దు. ఏ3 సైజుకి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3508×4961 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. ఫోన్లో వెలిగిన నీలం ప్రింటులో మసకబారుతుంది, అందుకే ముందు ఒక్క పేజీ తీసి చూడాలి. కలర్ ప్రింటు 30 రూపాయలనుకుంటే ఇరవై పేజీల సెట్లు రెండింటికి 1200, టెస్ట్ ప్రింట్లు కాక. మౌంట్లకి (బొమ్మల వెనక పెట్టే అట్టలు), ఫోల్డర్‌కి, ప్రింట్లకి కలిపి మొత్తం డబ్బులో నాలుగో వంతు మొదట్లోనే పక్కన పెడితే మేలు. మౌంటుకి ఫెవికాల్ పూస్తే తడికి షీటు ఉబ్బుతుంది. పై అంచుకి టేపు మడత చాలు. మౌంట్లు పన్నెండు దాటితే ఆ కట్ట రైల్లో మోయడం నరకం.

సాయంత్రానికి చిట్టాల్లో 24 షేడ్లు కొట్టేసి కింద బ్రౌన్ టేపు, బటర్ పేపరు, ఫిక్సేటివ్ చేర్చాం. ముసురు వదల్లేదు. నేల మీద షీటు రేపు మధ్యాహ్నానికి గానీ ఆరేలా లేదు.