ఎంసీబీలన్నీ ఆఫ్ చేసినా పడిపోయే ఆర్‌సీసీబీ

వానాకాలం మొదలైందంటే ఇళ్ల వైరింగ్ గురించి నన్ను అడిగేవారిలో చాలామందిది ఒకే సమస్య: ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరాను తెంచే స్విచ్) ఆన్ చేస్తే నిలబడడం లేదు, లోపం ఏ సర్క్యూట్‌లో ఉందో దొరకడం లేదు. ఇలాంటప్పుడు ఎంసీబీలన్నీ (ఒక్కో సర్క్యూట్‌కూ ఉండే, కరెంటు మరీ ఎక్కువైతే తెంచే స్విచ్‌లు) ఆఫ్ చేసి, ఒక్కొక్కటిగా ఆన్ చేసుకుంటూ వెళ్లి, దేని దగ్గర ఆర్‌సీసీబీ ట్రిప్ అయితే (తనంతట తానే ఆఫ్ అయితే) లోపం అందులోనే ఉందని తేల్చడం పరిపాటి. ఫేజ్ నుంచి ఎర్త్‌కు లీకేజీ ఉన్నప్పుడు ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. న్యూట్రల్ ఎర్త్‌కు తగిలినప్పుడు మాత్రం ఇది ఏ లోపమూ లేని సర్క్యూట్‌ను పట్టిస్తుంది.

కారణం సులభంగానే అర్థమవుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌ను మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్ వైర్లన్నీ డీబీలోని (ఈ స్విచ్‌లన్నీ ఉండే పెట్టె) న్యూట్రల్ లింక్ దగ్గర కలిసే ఉంటాయి. ఆర్‌సీసీబీ ఫేజ్‌లో వెళ్లిన కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటునూ పోల్చి చూస్తుంది. 30 మిల్లీయాంపియర్ల రకమైతే తేడా 30కి చేరేలోగా, 15 దాటాక ఎప్పుడైనా ట్రిప్ కావచ్చు. బాత్‌రూమ్ లైటు సర్క్యూట్‌లో తడి వల్ల న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 50 ఓమ్‌ల దారి ఏర్పడిందనుకుందాం. ఇంట్లో లోడ్ లేనప్పుడు న్యూట్రల్ మీద అర వోల్టు ఉంటే లీకేజీ 10 మిల్లీయాంపియర్లే కనుక ఏమీ జరగదు. నీళ్ల మోటారు వేయగానే న్యూట్రల్ వోల్టేజి ఒకటిన్నరకు పెరిగితే 30 మిల్లీయాంపియర్లు ఎర్త్ దారిన వెళ్లిపోతాయి, ఆర్‌సీసీబీ పడిపోతుంది. చూసేవారు మోటారును విప్పుతారు. లైటు ఎంసీబీ ఆఫ్‌లో ఉన్నా ఫలితం ఇదే.

అందువల్ల వెతకడం న్యూట్రల్ లింక్ దగ్గర మొదలుపెట్టాలి. మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, సరఫరా లేదని మీటరుతో నిర్ధారించుకున్న తర్వాత, ఒక్కొక్క సర్క్యూట్ న్యూట్రల్‌ను గుర్తు పెట్టుకుని విడదీసి, మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) 500 వోల్టుల డీసీ దగ్గర ఎర్త్‌తో పరీక్షించాలి. అంతకు ముందే ఎలక్ట్రానిక్ పరికరాలన్నీ ప్లగ్ తీసేయాలి. తీయడానికి వీలులేనివి ఉంటే ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ కలిపి ఎర్త్‌తో కొలవాలి. ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపిన సర్క్యూట్‌ను వదలకూడదు. మల్టీమీటరు కొన్ని వోల్టులతోనే కొలుస్తుంది కాబట్టి, పని వోల్టేజి దగ్గర మాత్రమే బయటపడే ఇన్సులేషన్ బలహీనతను అది చూపకపోవచ్చు.

సర్క్యూట్ తెలిసిన తర్వాత మధ్యలోని జంక్షన్ బాక్సు దగ్గర రెండుగా విడదీసి, చెడ్డ సగాన్ని మళ్లీ సగం చేసుకుంటూ వెళ్లడం అన్నిటికంటే తొందరగా ముగిసే దారి. నా అనుభవంలో గేటు లైటు, బాల్కనీ సాకెట్, గోడకు మేకు దిగిన చోటు, గీజర్ ఎలిమెంట్ ముందుగా చూడదగినవి. ఎలిమెంట్ లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ తేమను పీల్చుకుంటుంది. చాలాకాలం వాడని గీజర్ లీకేజీ చూపడానికి ఇదొక కారణం. రెండు ఆర్‌సీసీబీలున్న ఇంట్లో మెట్ల లైటు న్యూట్రల్‌ను రెండో ఆర్‌సీసీబీ వైపు నుంచి తీసుకున్నా ట్రిప్ అవుతుంది, అప్పుడు మెగ్గర్ ఏ లోపమూ చూపదు.

లోపం దొరకలేదని ఆర్‌సీసీబీని బైపాస్ చేసి వెళ్లిపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా తడి చేత్తో లీకేజీ ఉన్న పరికరాన్ని తాకితే, సరఫరాను తెంచేది ఏదీ ఉండదు. ఆ కొద్దిపాటి కరెంటు ఎంసీబీకి పట్టదు.

మరమ్మతు ముగిశాక న్యూట్రల్ స్క్రూలన్నిటినీ గట్టిగా బిగించాలి. త్రీఫేజ్ ఇంట్లో ఉమ్మడి న్యూట్రల్ వదులైతే కొన్ని పరికరాల మీద 230 వోల్టులను బాగా మించిన వోల్టేజి పడి అవి కాలిపోతాయి. తర్వాత ప్రతి సర్క్యూట్‌కూ మెగ్గర్ రీడింగ్‌ను తేదీతో సహా కాగితం మీద రాసి డీబీ తలుపు లోపలివైపు అతికించండి. వచ్చే వానాకాలంలో ఏ సర్క్యూట్ విలువ పడిపోతోందో దానితో పోల్చి చూసుకోవచ్చు.